కిరాయినామా

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు రోడ్డుమీద, ఇబ్రహీంపట్నమునకు చేరువగా, శేరిగూడ యున్నది. 'శేరి' యను మాట తెలంగాణపు ఊళ్ళపేర్లలో తరచుగా వినబడును. జాగీర్దారులును, దేశముఖులును పరులకు కౌలుకీయక తమ స్వంత సేద్యమున నుంచుకొన్న భూమికి శేరి యని వాడుక. అట్టి మాటను పేరున ధరించిన ఊరు నేడు గదులు కిరాయికిచ్చుటలో చేయితిరిగినదగుట కాలము చేసిన చిన్న చమత్కారము.

ఈ మార్పునకు కారణము దూరము పోయి వెదుకనక్కరలేదు. గడచిన ఇరువదియైదు ముప్పది యేండ్లలో ఇబ్రహీంపట్నము చుట్టును ఇంజనీరింగు కళాశాలలు వరుసగా వెలసినవి. శేరిగూడలోనే శ్రీ ఇందు కళాశాల యున్నది; ఖానాపురమున గురునానక్ విద్యాసంస్థలు, మంగళ్‌పల్లిలో సి.వి.ఆర్. కళాశాల ఉన్నవి. విద్యార్థులు వచ్చిరి, వారికి పాఠములు చెప్పువారు వచ్చిరి, వారందరికిని వండిపెట్టువారు, జిరాక్సు తీయువారు వచ్చిరి. హాస్టళ్ళు అందరికిని చాలవు. చాలినను అందరికిని రుచింపవు. కాబట్టి చెరువుక్రింద వరియు, మెరకపొలమున జొన్నయు ఆముదమును పండించిన కుటుంబములు ఇంటిపై నొక అంతస్తు లేపి, ప్రక్కన రెండు గదులు వేసి, రోడ్డువైపు మడిగెలు కట్టి ఇంటియజమానులైనవి. మృగశిరకార్తె కెదురుచూచిన కన్నులే నేడు ఇంజనీరింగు కౌన్సెలింగు ఎప్పుడు ముగియునా యని ఎదురుచూచుచున్నవి.

సేద్యము తండ్రి కొడుకునకు నేర్పును. ఏ విత్తనమెప్పుడు వేయవలెనో, ఏ తెగులునకు ఏమి చల్లవలెనో పొలము గట్టుమీదనే తెలియును. ఇల్లు కిరాయికిచ్చుట మాత్రము ఎవ్వరును ఎవ్వరికిని నేర్పలేదు. తాళముచెవి యిచ్చి నెలనెలా డబ్బు తీసికొనుటకు నేర్చుకొనవలసినదేమున్నదని చాలమంది తలంపు. మొదటి కిరాయిదారు రెండు మాసములు బాకీపడి చెప్పకుండ పోయినప్పుడో, అడ్వాన్సు తిరిగి యీయలేదని నలుగురు కుర్రవాండ్రు వాకిట నిలిచినప్పుడో, ఇదియు నొక వృత్తియే యని తెలిసివచ్చును. ఆ వృత్తికి మొదటి పనిముట్టు కాగితము. విచిత్రమేమనగా, సిమెంటునకు, ఇనుమునకు, బోరుబావికి లక్షలు వెచ్చించుటకు వెనుకాడని యజమాని, నాలుగు వాక్యముల కిరాయినామా మాట యెత్తగనే జంకును.

ఈ జంకు అకారణముగ పుట్టినది కాదు. దాని వేళ్ళు పొలములో ఉన్నవి. నిజాము రాజ్యము భారతదేశమున కలిసిన పిదప, 1950 జూన్ 10వ తేదీనుండి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయభూముల శాసనము అమలులోనికి వచ్చినది. నిర్ణీతకాలము భూమిని కౌలుకు దున్నుకొన్నవారిని 'రక్షిత కౌలుదారు'లుగా గుర్తించి జాబితాలు వ్రాసిరి. 1954లో ఆ శాసనమునకు 38-ఇ అను సెక్షను చేరినది. ప్రభుత్వము ప్రకటించిన తేదీనుండి, కొన్ని షరతులకు లోబడి, రక్షిత కౌలుదారే ఆ భూమికి సొంతదారగునని దాని సారము. తెలంగాణపు జిల్లాలలో అధికభాగమున ఆ తేదీ 1973 జనవరి 1. అనగా 1950 ప్రాంతమున కాగితముపై నెక్కిన ఒక్క పేరు, ఇరువది యేండ్లు గడచిన పిదప భూమిని ఒకరి చేతినుండి మరియొకరి చేతికి మార్చినది. దున్నినవానికి అది న్యాయము; ఆ న్యాయముకొరకు తెలంగాణ రైతులు రక్తము ధారవోసిరి. పట్టాదారునకు మాత్రము అది మరపురాని పాఠమైనది. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఏ గడిలో ఎవరిపేరున్నదో చూచుటకు మనుమలు నేటికిని కచేరీల చుట్టు తిరుగుచున్నారు. హైదరాబాదు చుట్టుప్రక్కల భూమి ధర పెరిగినకొలది ఆ గడులకును విలువ పెరిగినది.

ఈ భయము ఎంత లోతుగా పాతుకొన్నదనుటకు మరియొక నిదర్శనము 2011 నాటిది. ఆ యేడు ఉమ్మడి ఆంధ్రప్రదేశమున కౌలురైతులకు ఋణార్హత కార్డులిచ్చుటకు శాసనము చేసిరి. కార్డు బ్యాంకు అప్పునకును, పంట నష్టపరిహారమునకును పనికివచ్చునే గాని దానివలన భూమిపై ఎట్టి హక్కును రాదని అందులోనే చెప్పిరి. అయినను చాలమంది భూస్వాములు తమ కౌలుదారు ఆ కార్డు తీసికొనుట కిష్టపడలేదు. పేరు కాగితమెక్కినచో భూమి చేజారునను తలంపు శాసనములోని వాక్యముకంటె బలమైనదని తేలినది. అదే రైతు, అదే తలంపుతో, ఇంటిపై కట్టిన గదిని కూడ నోటిమాటమీదనే కిరాయికిచ్చుచున్నాడు.

పొలమునకు వర్తించిన న్యాయము గదికి వర్తింపదని అతనికి చెప్పినవారు లేరు. దున్నువానిదే భూమి కావలెనను రాజనీతినుండి కౌలు శాసనములు పుట్టినవి. కాపురమున్నవానిదే ఇల్లు కావలెనని తెలంగాణమున నడుచు ఇండ్ల శాసనమేదియు చెప్పలేదు. 'పన్నెండేండ్లున్నచో ఇల్లు వానిదే' యను మాట అరుగులమీద తరచుగా వినబడును. దానికి మూలము కాలపరిమితి శాసనమందలి పన్నెండేండ్ల గడువు. ఆ గడువు, యజమాని హక్కును ధిక్కరించి, బహిరంగముగ, ఇది తనదేయని అనుభవించువాని విషయమున నడుచునది. కిరాయిదారు ప్రవేశించినది యజమాని అనుమతితో. కిరాయి చెల్లించిన ప్రతినెలయు అతడు యజమాని హక్కును ఒప్పుకొనుచునే యున్నాడు. కిరాయికి చేరినవాడు ఆ కాపురము సాగుచుండగా యజమాని హక్కును కాదనజాలడని 1872 నాటి సాక్ష్యశాసనము చెప్పినది. 2024 జులై 1వ తేదీనుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఈ నియమమును నిలుపుకొన్నది. కనుక ఇల్లు వివాదమున పడు ప్రమాదమేదైన ఉన్నచో అది కాగితము లేనిచోటనే యున్నది. ఇతడు కిరాయిదారుగా వచ్చెనా, చుట్టముగా వచ్చెనా, కొన్నవాడుగా వచ్చెనా యను ప్రశ్న కోర్టునకెక్కిననాడు నోటిమాట ఎవరి పక్షమునైనను పలుకును. యజమాని యే కాగితమునకు భయపడుచున్నాడో ఆ కాగితమే అతని ఇంటికి కాపలా.

భయమునకు తోడు మొగమాటము. ఈ ఊళ్ళలో విద్యార్థి యజమానిని 'అంకుల్' అనును. ఇంటావిడను 'ఆంటీ' యనును. పండుగనాడు ఆమె భక్ష్యములు పైకి పంపును. పరీక్షలనాడు కుర్రవాడు నిద్రపోయినచో తలుపుతట్టి లేపును. వరుసలు కలిసిన పిదప సంతకము పెట్టుమనుట అవమానమువలె తోచును. అందుచేతనే ఆ పని తాళముచెవి యిచ్చు రోజుననే, ఇంకను ఒకరికొకరు కొత్తవారుగా నున్నప్పుడే, ముగించుట మంచిది.

కిరాయినామాకు పాండిత్య మక్కరలేదు. ఇరువురి పేర్లు, ఊళ్ళు, గుర్తింపుకార్డుల సంఖ్యలు, ఏ అంతస్తున ఏ గది, నెలకు కిరాయి ఎంత, ఏ తేదీలోపల ఇయ్యవలెను, అడ్వాన్సు ఎంత, కరెంటు, నీరు ఎవరి లెక్క, ఎన్నాళ్ళకు ఇచ్చుచున్నారు, ఏడాది గడచిన పిదప ఎంత పెంచుదురు, ఖాళీ చేయుటకు ఎన్నాళ్ళు ముందుగా చెప్పవలెను — ఇంతయు ఒక పుటలో ఇముడును. గదిలో ఎన్ని పంకాలు, ఎన్ని దీపములు, కొళాయి లెట్లున్నవి, గోడకు మరకలేవైన ఉన్నవా యని ప్రక్కపుటలో వ్రాసికొని, ఇరువురి ఎదుట సెల్‌ఫోనుతో ఛాయాచిత్రములు తీసికొన్నచో సగము తగవులు పుట్టకముందే చచ్చును.

విద్యార్థులకు గది ఇచ్చునప్పుడు మాత్రము రెండు సూక్ష్మములు గమనింపవలెను. మొదటి సంవత్సరమున చేరు విద్యార్థులలో పదునెనిమిది యేండ్లు నిండనివారుందురు. మైనరు చేసిన ఒప్పందము చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిలు తీర్పుచెప్పినది; నేటికిని అదే న్యాయము. కావున తల్లిదండ్రులలో నొకరు సంతకము చేయవలెను. పిల్లవానిని దించుటకు వచ్చిన తండ్రి బస్సెక్కకముందే ఈ పని జరుగవలెను. తరువాత ఆయనను ఆదిలాబాదునుండియో గద్వాలనుండియో రప్పించుట ఎవరి తరము? రెండవది, ఒక గదిలో నలుగురు చేరినప్పటి చిక్కు. ఒక్కని పేరనే కిరాయి వ్రాసి, నలుగురు పంచుకొనుట వాడుక. మధ్యలో ఆ యొక్కడు కళాశాల మానిపోవును. అతని బదులు మరియొకడు వచ్చును. ఆరుమాసములు తిరుగునప్పటికి గదిలో నున్న నలుగురిలో ఎవరి పేరును కాగితమున నుండదు. అడ్వాన్సు చెల్లించినవాడు వేరు, అనుభవించువాడు వేరు. ఇట్టి గదిలో అద్దము పగిలినచో అది ఎవరి కాలమున పగిలినదో తేల్చుట పూర్వకాలపు పండితుల తరము కూడ కాదు. నలుగురి పేర్లును వ్రాసి, మొత్తము కిరాయికి నలుగురును కలసియు, విడివిడిగాను బాధ్యులని చేర్చి, ఒకరు పోయి మరియొకరు వచ్చిన ప్రతిసారియు క్రింద తేదీతో సంతకములు తీసికొనుటయే దీనికి మందు. విద్యార్థులకును ఇదియే రక్ష. పోయినవాడు తన వంతు అడ్వాన్సు ఎవరినడుగవలెనో అప్పుడు స్పష్టముగ నుండును.

పదునొకండు మాసముల ఒప్పందము గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. 1908 నాటి రిజిస్ట్రేషను శాసనము ఏడాదికి మించిన లీజులకే రిజిస్ట్రేషను తప్పనిసరి చేసినందున, దేశమంతటను పదునొకండు మాసములకు వ్రాసికొను వాడుక పుట్టినది. మన ప్రాంతమున ఈ ఉపాయము పనిచేయదని చాలమంది యెరుగరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశము 1999లో చేసిన సవరణవలన, స్థిరాస్తి లీజు ఎంత స్వల్పకాలమునకైనను రిజిస్టరు కావలసినదే. తెలంగాణమునకు ఆ సవరణయే సంక్రమించినది. రిజిస్టరు కాని లీజుపత్రములోని షరతులను కోర్టు సాక్ష్యముగ గైకొనదు. స్టాంపు సుంకము చాలకున్నచో ముందు ఆ లోటును జరిమానాతో కట్టవలెను. అయినను అది చిత్తుకాగితము కాదు. ఇంటిలోనికి ఇతడు ఏ హోదాలో ప్రవేశించెనను విషయమునకు దానిని చూపవచ్చునని న్యాయస్థానములు అంగీకరించినవి. యజమానికి అన్నిటికంటె ముఖ్యమైనది ఆ విషయమే గదా! ఒక్క విద్యార్థి గదికి రిజిస్ట్రేషను కచేరీకి పోవుట కష్టమనువారు కనీసము ఈ మేలునైన దక్కించుకొనవలెను. మడిగెలు, పెద్ద ఇండ్లు కొన్ని సంవత్సరములకు ఇచ్చువారు మాత్రము రిజిస్టరు చేయింపక తప్పదు.

అడ్వాన్సు సంగతి యజమానులకు రుచింపకపోవచ్చును. 1960 నాటి ఇండ్ల కిరాయి నియంత్రణ శాసనము తన పరిధిలోని ఇండ్లకు ఒక నెల కిరాయికి మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదన్నది. కేంద్ర మంత్రివర్గము 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా కిరాయి చట్టము నివాసగృహములకు రెండు మాసముల కిరాయిని గరిష్ఠముగ సూచించినది. అయితే నమూనా చట్టము రాష్ట్రము స్వీకరించిననే శాసనమగును. ఎంత పుచ్చుకొన్నను, అది కిరాయిదారు సొమ్మే. యజమానివద్ద దాచినది మాత్రమే. ఆచరణలో నేమి జరుగుచున్నది? జూన్‌లో వచ్చిన అడ్వాన్సులన్నియు జులైలో పై అంతస్తు సిమెంటులో కలిసిపోవుచున్నవి. మే నెలలో నాలుగు గదులవారు ఒక్కసారి ఖాళీచేసినప్పుడు తిరిగియిచ్చుటకు యజమానిచేత రొక్కముండదు. అప్పుడు గోడమీది మేకు రంధ్రములును, అరిగిన గడియయు పెద్ద నేరములుగ కనబడును. ఈ తగవులలో చాలవాటికి మూలము దురాశ కాదు, చేత డబ్బు లేకపోవుట. అడ్వాన్సులను బ్యాంకులో వేరు ఖాతాన ఉంచు యజమాని మే నెలలో ఎవరికిని మొగము చాటువేయనక్కరలేదు. న్యాయముగ వాడుకలో అరిగినదానికి కిరాయిదారు బాధ్యుడు కాడని 1882 నాటి ఆస్తి బదిలీ శాసనమే చెప్పుచున్నది. సున్నము మాయుట అరుగుదల. తలుపు విరుగుట నష్టము. ఈ రెంటికిని గల భేదమును పెద్దమనిషి యెవరైనను ఎరుగును.

కిరాయి ముట్టినప్పుడెల్ల రసీదు ఈయవలెను. అది యజమాని దయ కాదు, కిరాయిదారు హక్కని 1960 శాసనము స్పష్టము చేసినది. యజమాని కిరాయి పుచ్చుకొన నిరాకరించినచో, బ్యాంకు పేరు చెప్పుమని కిరాయిదారు నోటీసు ఈయవచ్చుననియు, చెప్పనిచో మనియార్డరు ఖర్చు మినహాయించుకొని పంపవచ్చుననియు అందులోనే యున్నది. కిరాయి తీసికొనక, 'ఇయ్యలేదు' అని దావా వేయు తెలివిగలవారు ఆ నాడును ఉండిరని దీనివలన తెలియుచున్నది. నేడు సెల్‌ఫోను ద్వారా పంపిన డబ్బునకు బ్యాంకే సాక్షి. అయినను ఏ నెల కిరాయియో అందులో వ్రాయనిచో పాత బాకీయా క్రొత్త కిరాయియా యని తగవు మిగిలియే యుండును. ఉపాధ్యాయులకు రసీదుతో మరియొక పనియున్నది. పాత పద్ధతిన ఆదాయపుపన్ను చెల్లించువారు ఇంటికిరాయి భత్యముపై మినహాయింపు కోరునప్పుడు రసీదులు చూపవలెను. ఏడాది కిరాయి లక్ష రూపాయలు దాటినచో యజమాని పాన్ సంఖ్యయు చూపవలెను. పాన్ అడుగగనే కొందరు యజమానులు ముఖము ముడుచుకొందురు. కిరాయి ఆదాయమున ఇంటిపన్ను పోగా మిగిలినదానిలో నూటికి ముప్పదివంతులు ఖర్చు చూపకయే మినహాయింపు దొరకునని తెలిసినచో ఆ ముడుతలు కొంత సడలవచ్చును. ఇక బాకీ కిరాయికి దావా మూడేండ్లలోపల వేయవలెను. చుట్టరికము నెంచి ఐదేండ్లూరకున్నవాడు మొదటి రెండేండ్ల సొమ్ము నీళ్ళకు వదలినట్లే.

కరెంటు మీటరు లేచిన తగవులను చెప్పనారంభించిన గ్రంథమగును. యూనిట్లు పెరిగినకొలది ధర పెరుగు పద్ధతి మనకున్నది. ఒక్క మీటరుపై ఆరు గదులు నడుపునప్పుడు అందరి యూనిట్లును ఒకచో చేరి, ఒక్కొక్క గది విడిగా వాడినచో ఇయ్యవలసినదానికంటె హెచ్చుగా బిల్లు వచ్చును. దీపము తప్ప వేరేమియు వాడని అధ్యాపకుడును, గదిలో కరెంటు పొయ్యిపై వండుకొను నలుగురు విద్యార్థులును తలసరి పంచుకొన్నచో ఎవరి కడుపు మండునో చెప్పనక్కరలేదు. గదికొక మీటరు తీసికొనుట ఉత్తమము. అది సాగనిచో లోపల చిన్న మీటరు బిగించి, నెలకొకసారి కిరాయిదారు ఎదుటనే అంకె చదివి వ్రాసికొనవలెను. నీటి సంగతి ఇంతకంటె కఠినము. ఇబ్రహీంపట్నపు పెద్దచెరువు పదునారవ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్‌షా కాలమునాటిది. అంత చెరువు ప్రక్కన నున్నను ఇచ్చటి మెరకలు బోరునే నమ్ముకొన్నవి. ఏప్రిల్ వచ్చుసరికి బోరు అలసిపోవును, ట్యాంకరు పిలువవలసివచ్చును. ట్యాంకరు ఖర్చు ఎవరిదో జూన్‌లో, నీరు సమృద్ధిగా నున్నప్పుడే, వ్రాసికొన్నవాడు బుద్ధిమంతుడు.

మరమ్మతులలో పెద్దవి యజమానివి, చిన్నవి కిరాయిదారువి యని లోకవాడుక. యజమాని చేయవలసిన మరమ్మతును నోటీసిచ్చినను సకాలమున చేయనిచో, కిరాయిదారు తానే చేయించి ఖర్చును కిరాయిలో మినహాయించుకొనవచ్చునని ఆస్తి బదిలీ శాసనము చెప్పుచున్నది. ఒప్పందమున వేరుగ వ్రాసికొన్నచో అదే నడుచును. కారుచున్న కప్పును మూడు వానలు చూచి ఊరకున్న యజమాని చివరకు స్లాబునకే ఖర్చుపెట్టును.

ఇక అన్నిటికంటె కఠినమైన ఘట్టము ఖాళీచేయించుట. కిరాయి ఈయనివానిని తాళము వేసి వెలుపలికి నెట్టుట, కరెంటు తీసివేయుట, సామాను వాకిట పారవేయుట — ఇవి బలవంతుల మార్గములుగ పల్లెలలో పేరుపొందినవి. వీనికంటె యజమానికి హానికరమైన మార్గము లేదు. చట్టప్రకారము గాక తన్ను వెళ్ళగొట్టినచో, అట్లు వెళ్ళగొట్టినవాడు సొంతదారే యైనను, ఆరు మాసములలోపల దావావేసి తిరిగి ప్రవేశము పొందవచ్చునని 1963 నాటి ప్రత్యేక పరిహార శాసనము, 6వ సెక్షను చెప్పుచున్నది. ఆ దావాలో కోర్టు ఇంటి హక్కు ఎవరిదని విచారింపదు. వెళ్ళగొట్టిన తీరునే చూచును. రెండు నెలల బాకీకొరకు తాళమువేసిన యజమాని ముద్దాయి స్థానమున నిలుచును, బాకీదారు వాదియగును. నీరు, దీపము మొదలగు వసతులను త్రుంచరాదని 1960 శాసనమున వేరుగ ఒక సెక్షనే యున్నది.

ఈ నీతి క్రొత్తది కాదు. శామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున, ధర్మస్థీయమను మూడవ అధికరణములో, ఇంటి కిరాయికి 'అవక్రయ' మని పేరున్నది. వలదన్నను విడువక కాపురముండువానికి పండ్రెండు పణముల దండుగ. కిరాయి చెల్లించువానిని వెళ్ళగొట్టు యజమానికిని అంతే దండుగ. దూషణము, దొంగతనము వంటి నేరములు చేసినవాని విషయమున మాత్రము యజమానికి మినహాయింపు. తనంతట తాను మధ్యలో విడిచిపోవు కిరాయిదారు ఏడాది కిరాయిలో మిగిలినది చెల్లించవలెను. తూకము ఇరువైపులను సమముగ పట్టిన ఆ పద్ధతిని చూచినచో, ఆనాటి పాటలీపుత్రమునను ఇండ్ల తగవులు తక్కువగా లేవని తోచును.

ఒక్క పక్షమే తూగినప్పు డేమగునో 1915లో స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున కనబడినది. ప్రథమ ప్రపంచయుద్ధమున ఓడలు, మందుగుండు కర్మాగారములకు పనివారు వెల్లువగా రాగా ఇంటియజమానులు కిరాయిలు పెంచిరి. మేరీ బార్బర్ మొదలగు గృహిణులు పెంచిన కిరాయి చెల్లింపక ఎదురుతిరిగిరి. ఆ యేడే బ్రిటిషు పార్లమెంటు కిరాయిలకు కళ్ళెము వేసినది. బొంబాయిలో 1918లో అట్టి శాసనము వచ్చినది; హైదరాబాదు రాష్ట్రమున 1954లో చేసిన శాసనమును, ఆంధ్రప్రాంతమున నడచిన మదరాసు శాసనమును కలిపి 1960లో ఒక్కటిగ చేసిరి. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన ఇండ్లకు ఇది వర్తింపదన్న మినహాయింపును 1983లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. 2005 సవరణ పిదప కార్పొరేషనులలో నెలకు 3,500 రూపాయలు, తక్కిన చోట్ల 2,000 రూపాయలు మించిన కిరాయి గల ఇండ్లు దీని పరిధినుండి తొలగినవి. నేటి కిరాయిలనుబట్టి చూడగా చాల ఇండ్లు ఈ గీతకు ఆవలనే యుండును. అట్టివాటికి ఆస్తి బదిలీ శాసనమును, సివిలు కోర్టును దిక్కు. నెలవారీ కిరాయికి వేరు షరతు లేనిచో పదునైదు దినముల నోటీసు చాలును. అది కిరాయిదారునకు ముట్టిన దినమునుండి లెక్క. స్పీడ్ పోస్టున పంపి ఆ చీటీ దాచుకొనవలెను. కోపముతో వాకిట నిలిచి అరచినది నోటీసు కాదు.

ఇంత చెప్పినను, ఇల్లు ఎవరికీయవలెనను ప్రశ్న మిగిలినది. పోలీసు ఠాణావారు కిరాయిదారుల వివరములు అడుగుదురు. గుర్తింపుకార్డు నకలు తీసికొనుట యజమాని కర్తవ్యమే. ఎక్కడ చదువుచున్నాడు, ఎక్కడ పనిచేయుచున్నాడు, కిరాయి ఇచ్చుకొనగలడా యని విచారించుటలోను తప్పులేదు. కాని మన పల్లెలలోను పట్టణములలోను ఇల్లు చూడవచ్చినవానిని పేరు తరువాత అడుగు రెండవ ప్రశ్న 'మీరేం కులపోళ్ళు?' అనునది. గది ఖాళీగా నున్నను, 'నిన్ననే ఇచ్చినాము' అను జవాబు విని తిరిగిపోయిన ఉపాధ్యాయులెందరో యున్నారు. పగలు బడిలో ఆ ఊరి పిల్లలకు అక్షరములు దిద్దించువాడు సాయంకాలము ఆ ఊరిలో తలదాచుకొనుటకు కులము దాచుకొనవలసివచ్చుచున్నది. మతము వేరైనవారికిని ఇదే అనుభవము. అంటరానితనమును కారణముగ చూపి ఏ వాడలోనైనను ఇల్లు సంపాదించుకొనుటకు, అందు నివసించుటకు అడ్డుపడుట నేరమని 1955 నాటి శాసనము ప్రకటించి ఏడుదశాబ్దములు దాటినది. మాంసము వండరాదని నియమము పెట్టుకొన్న యజమాని ఆ నియమమును అందరికిని చెప్పి, కాగితమున వ్రాయవచ్చును. మెతుకు పేరు చెప్పి మనిషిని వడపోయుట వేరుపని. కిరాయి సకాలమున చెల్లించుట, గదిని శుభ్రముగ నుంచుకొనుట ఏ కులమున పుట్టినను రాదు, అలవాటున వచ్చును. ఈ సంగతి పది గదులు పదేండ్లు నడపిన ప్రతి యజమానియు లోలోపల ఎరుగును.

పంటకు వలెనే గదికిని కాలమున్నది. జూన్ నుండి ఆగస్టు వరకు అడుగువారుందురు. మే నెలలో గదులు బోసిపోవును. ఆ రెండు నెలల ఖాళీని ముందే లెక్కలో వేసికొనక, పన్నెండు నెలల ఆదాయముమీద అప్పుచేసి అంతస్తు లేపినవాడు ఇబ్బందిపడును. సెలవులలోను గదిని నిలుపుకొనదలచిన విద్యార్థివద్ద సగము కిరాయి తీసికొను పద్ధతి ఇరువురికిని లాభము; సామాను మోయు ఖర్చు వానికి తప్పును, క్రొత్తవానిని వెదుకు ఖర్చు యజమానికి తప్పును. నాలుగేండ్ల చదువు ముగించి పోవువానితో లెక్క మాత్రము ఆ దినముననే తేలవలెను. చేరిననాటి జాబితాయు, ఛాయాచిత్రములును తీసి, ఇద్దరును గది అంతయు తిరిగి చూచి, మీటరు చదివి, బాకీ తీసివేసి, మిగిలిన అడ్వాన్సును చేతికిచ్చి, 'లెక్క ముట్టినది, తాళముచెవి ముట్టినది' అని రెండు వాక్యములు వ్రాసి ఇరువురును సంతకములు చేయవలెను. సున్నము పని ఆ మరునాడు మొదలుపెట్టవచ్చును. కౌన్సెలింగు ముగియులోపల గోడ లారవలెను గదా.